చిలుకల దూలం

యమున మేడారం కథ ఎత్తుకుందంటే సదానందం మగ్గం ఆపడు గానీ మీసాల చాటున నవ్వడం మాత్రం మొదలుపెడతాడు. పెళ్లయిన నాటి నుంచీ వింటున్న కథ. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ రాట్నం వదిలేసి చెయ్యి గాల్లోకి లేపుతుందో ఆయనకు కంఠతా వచ్చు.

కొత్తవాడలో వాళ్ల ముందు గది నిండా మగ్గమే. మనుషులు పక్కకు ఒరిగి నడవాలి. గోడవారగా సదానందం జంపఖానా నేస్తుంటే, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని యమున ఎర్ర నూలూ నీలం నూలూ కండెలకు చుట్టి అందిస్తుంది. ఆ రోజు కథ వినేది నాలుగేళ్ల మనవరాలు చిన్ని. కూతురు రమ్య, అల్లుడు నవీన్ హనుమకొండ నుంచి వచ్చారు. చిన్నికి మొక్కు ఉంది. జాతర రద్దీ మొదలవకముందే ఆదివారం మేడారం వెళ్లి వద్దామని అనుకున్నారు.

"నేను నీకంటె జర పెద్దగుంటి, ఐదేండ్లు. పదకొండు దినాలు దవాఖానల పడుంటి," అంది యమున. "నా బిడ్డ బతికితె ఎత్తు బంగారం ఇస్త తల్లీ అని మా నాయిన మొక్కిండు."

"గోల్డా?" అంది చిన్ని.

"బెల్లమే బిడ్డా. సమ్మక్క తల్లికి బెల్లమే బంగారం. మనిషెంత ఉంటె అంత తూచి ఇయ్యాలె. మేడారంల దూలానికి ఇంత పెద్ద కాంటా కట్టిండ్రు. ఒక పళ్లెంల నన్ను కూసోపెట్టిండ్రు, ఇంకో దాంట్ల బెల్లం ముద్దలు పెట్టుకుంట పోయిండ్రు. నేను మెల్లగ పైకి లేస్తాన. పైకి చూస్తె దూలం మీద రెండు పచ్చ చిలుకలు. ఒకదానికి ముక్కు లేదు."

తర్వాత జంపన్నవాగు. సల్లటి నీళ్లు. ఎటు చూసినా జనం. నాయిన భుజాల మీదికి ఎక్కించుకుని, "యమునా, నా నెత్తి గట్టిగ పట్టుకో" అన్నాడు. తిరుగు దారిలో పల్లిపట్టి కొన్నాడు. దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి చేతికిచ్చి, రెండోది ఇంటి దగ్గరున్న అక్క కోసమని రుమాలు కొంగున ముడేశాడు.

"కొరికితె నోట్లె నూలుపోగు తట్టింది. మనది మగ్గం ఇల్లు గదా. ఇప్పటికి గూడ తియ్యటిది ఏం తిన్నా నాకా పోగు యాదికొస్తది," అని యమున కథ ముగించింది. ఆ మరుసటి ఏడే నాయిన పోయాడన్న ముక్క మాత్రం ఎప్పుడూ చెప్పదు. ఆయనతో చేసిన ప్రయాణం అదొక్కటే. నాయిన మొహం ఆమెకు సరిగా గుర్తులేదు, పైనుంచి చూసిన ఆయన నడినెత్తి మాత్రం గుర్తుంది.

"మేడారం పోయినప్పుడల్లా మీ అమ్మమ్మ ఆ చిలుకల కోసం దేవులాడుతది," అన్నాడు సదానందం మనవరాలితో. "ఆ కాంటా ఉన్న షెడ్డు ఎప్పుడో కూలగొట్టిండ్రని చెప్తె ఇనది."

"కూలగొడితె కూలగొట్టిండ్రు. నేను చూసిన్నా లేదా?" అని యమున రాట్నం తిప్పింది.

మర్నాడు గురువారం చిన్నిని తూయించడానికి బీటుబజారుకు వెళ్లారు. యమున ఎప్పుడూ బెల్లం ఇంటి పక్క కిరాణాలో కొనేదే తప్ప ఆ హోల్‌సేలు దుకాణాల లోపలికి అడుగుపెట్టిన గుర్తు లేదు. రామలింగం సేటు దుకాణం బయటికి ఇరుకు, లోపలికి పొడుగు. బెల్లం వాసనకు చిన్ని అప్పుడే పెదాలు నాకుతోంది. ముందు కరెంటు కాంటా ఉంది గానీ మొక్కు తూకం దాని మీద వెయ్యరట. లోపలి గదిలో పాత కాంటా వేలాడుతోంది.

చిన్ని పళ్లెంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సేటు అవతలి పళ్లెంలో ఒక్కో ముద్దా పెట్టాడు. మూడో ముద్దకు పిల్ల కదిలింది. నాలుగోదానికి నేల వదిలేసి, భయమో సంతోషమో తెలియక కీచుమంది. రమ్య ఫోనులో ఫొటో తీస్తోంది. తాడు గట్టిగా ఉందో లేదో చూద్దామని యమున తలెత్తింది.

దూలం మీద రెండు చిలుకలున్నాయి. చెక్కలో చెక్కి పచ్చరంగు వేసినవి. రంగు సగం పోయింది. ఎడమ చిలుకకు ముక్కు లేదు.

యమున చూపు దించకుండానే సేటును ఒక మాట అడిగింది. ఆ మాటకు రమ్య కూడా ఫోను దించి తల్లి వైపు చూసింది.

"సేటూ, ఈ దూలాన్ని ఎప్పుడన్న మేడారం తీస్కపోయిండ్రా?"

"దూలాన్నా?" సేటు పొట్ట కదిలేట్టు నవ్వాడు. "పాత దొరల గడి కూలగొడితె మా తాత కొనుక్కొచ్చి పెట్టిండు. ఎనభై ఏండ్లయితాంది. యాడికి పోతదమ్మా?"

"మరి కాంటా?"

"అదీ ఈన్నే. అప్పట్ల వరంగల్ల అందరు ఈడ తూకం ఏసుకొనే లారీ ఎక్కుదురు. మేడారంల అంత జనంల కాంటా యాడ కడ్తరు?"

ఇంటికొచ్చే దారంతా యమున తనకు తానే సర్ది చెప్పుకుంది. తూకం ఇక్కడ వేశారు, తర్వాత మేడారం వెళ్లారు. చిన్నతనం కదా, రెండూ కలిసిపోయి ఉంటాయి. ఇందులో ఏముంది? అయినా మనసు కుదుటపడలేదు. కథలో ఆమె కాంటా దిగగానే నాయిన భుజాల మీద ఉంటుంది. మధ్యలో లారీ లేదు, అడవి లేదు, రాత్రి పడుకున్న చోటు లేదు. ఇన్నేళ్లు చెప్పినా అక్కడొక ఖాళీ ఉందని ఎందుకు తోచలేదో ఆమెకే అర్థం కాలేదు.

ఆ సాయంత్రం సదానందం నాలుగు వేళ్ల వెడల్పు నేసేశాక గాని చూసుకోలేదు, నీలం పట్టీ రావాల్సిన చోట ఎర్ర పట్టీ వచ్చింది. కోప్పడకుండా పోగు పోగూ విప్పడానికి కూర్చున్నాడు.

"చిలుకలు పచ్చగుంటయి గదనే. ఎర్ర కండె అందించినవేంది?"

యమున నవ్వలేదు. పక్కన కూర్చుని విప్పిన నూలును మళ్లీ కండెకు చుడుతూ, "అయ్యా, గప్పుడు నేను మేడారం పోయిన్నా?" అంది.

"నన్నడిగితె ఏం తెలుస్తదే? గప్పుడు నేను యాడున్ననో నాకే తెల్వది. మీ అక్కను అడుగు," అన్నాడు సదానందం. అంతలోనే ఆమె మొహం చూసి, "పోయే ఉంటవ్ తియ్యి," అని చేర్చాడు.

అక్క లక్ష్మీనర్సమ్మ ఇల్లు కాశిబుగ్గలో. యమునకంటే మూడేళ్లు పెద్దది. మాట తక్కువ, చేతిపని ఎక్కువ. శుక్రవారం యమున వెళ్లేసరికి, తనూ వస్తున్న మేడారం ప్రయాణానికి సర్వపిండి చేస్తోంది. గిన్నె అడుగున పిండి ముద్ద పెట్టి, తడి వేళ్లతో అంచులదాకా ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, చిల్లు చిల్లుకూ నూనె చుక్క వేస్తోంది. వాళ్ల నాయిన ఆమెను నర్సవ్వా అని పిలిచేవాడు. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

"అక్కా, చిలుకలు సేటు దుకాణంల ఉన్నయే," అంది యమున చెప్పులైనా విప్పకుండా.

లక్ష్మీనర్సమ్మ తల ఎత్తలేదు. "ఉంటె ఉండనియ్. చిలుకలు యాడనన్న ఉంటయి."

"ముక్కు లేనిది గూడ ఉన్నది."

"నువ్వులు ఎక్కువ పడ్డట్టున్నయి. చూడు జర."

యమున పీట లాక్కుని కూర్చుంది. ఏం అడగాలో దారిలో వరసగా అనుకుని వచ్చింది గానీ ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు. చివరికి, "నాయిన రుమాల్ల కట్టుకొచ్చిన పల్లిపట్టి నువ్వు తిన్నవా?" అంది.

"నాకు పల్లిపట్టి పడది."

"గప్పుడు గూడ పడకపోవునా?"

"యాది లేదే యమునా."

"వాగుల నీళ్లు యాడిదాక ఉండెనో గూడ నాకు సరిగ యాదికొస్తలేదక్కా. ఈ రెండు రోజుల సంది అన్నీ కలగాపులగం అయినయి."

"బొడ్డుదాక," అంది లక్ష్మీనర్సమ్మ.

అనేసి ఆగింది. గిన్నె మీద వేలు ఆగింది. యమున అక్క మొహంలోకి చూసింది.

"నువ్వు రాలేదు గదక్కా?"

పొయ్యి మీది సర్వపిండి మాడిన వాసన వచ్చింది. లక్ష్మీనర్సమ్మ గబుక్కున లేచి మంట తగ్గించి, మూత తీసి, కమిలిన అంచును అట్లకాడతో గీకుతూ అటు తిరిగి నిలబడింది. "ఎవ్వలో చెప్పిండ్రు," అంది. కాసేపటికి, "ఆదివారం చిన్ని మొక్కు తీరనియ్యి. ఆ తరువాత అడుగు. ముందుగాల వద్దు. అవ్వకు మాటిచ్చిన," అంది.

వాళ్ల కన్నతల్లి అవ్వ పోయి తొమ్మిదేళ్లయింది. పోయినామెకు ఇచ్చిన మాటేమిటో, దానికీ చిన్ని మొక్కుకూ సంబంధమేమిటో యమునకు తలా తోకా దొరకలేదు. వేడి సర్వపిండి ముక్క చేతిలో పెడితే తినకుండా ఇంటిదాకా పట్టుకొచ్చింది.

శనివారం పొద్దున ఎదురింటి మొగిలమ్మ వచ్చి అరుగు మీద చతికిలబడింది. జాతర ఏడు వస్తే యమున చేత ఆ కథ చెప్పించుకోవడం ఆమెకు అలవాటు. "ఏందే, ఈసారి చెప్పవా?" అంది. యమున నోరు తెరిచి, "ఐదేండ్ల పిల్లను..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాతి మాట తనదో కాదో తెలియలేదు. వాగు తనదేనా? నాయిన నడినెత్తి తనదేనా? ఒక్క చిలుక కదిలితే ఇల్లంతా కదిలిపోయేట్టుంది. "పనుందే మొగిలమ్మా" అని లోపలికి వెళ్లి, పనేమీ లేక బియ్యం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. దొంగ సొమ్ము ఇంట్లో పెట్టుకున్నదానిలా ఆమెకు సిగ్గేసింది.

ఆదివారం తెల్లారగానే నవీన్ కారులో బయల్దేరారు. వెనక చిన్ని నిలువెత్తు బెల్లం, ముందు సదానందం, మధ్యలో ఆడవాళ్లు. ములుగు దాటాక అడవి మొదలైంది. చిన్నికి ప్రతి కోతీ వింతే. రమ్య సర్వపిండి తుంచి అందరికీ పంచింది. సదానందం పాత లారీల కాలం గురించి ఏదో చెప్పి అల్లుణ్ని నవ్వించాడు. మామూలుగానైతే ఆ దారిలో యమున నోరు మూతపడదు. ఈసారి కిటికీ లోంచి టేకు చెట్లను చూస్తూ, వీటిని అప్పుడు చూశానా అని ఒక్కో మలుపు దగ్గరా తనను తాను అడుగుతూ కూర్చుంది. పక్కన అక్క కూడా మాట్లాడలేదు. ఒడిలో సంచి పట్టీని చుడుతూ విప్పుతూ ఉంది.

వాగులో స్నానాలయ్యాయి, అమ్మవార్ల గద్దెల దగ్గర మొక్కు తీరింది. రమ్య పసుపు నీళ్లకు తడిసిన బట్టలతోనే బిడ్డను ఎత్తుకుని గద్దెకు మొక్కించింది. చిన్ని తన బెల్లం ఎవరో తీసేసుకుంటున్నారని ఒకటే ఏడుపు. సదానందం, నవీన్ ఆ పిల్లను సముదాయించడానికి బొమ్మల దుకాణాల వైపు తీసుకెళ్లారు. రమ్యా వాళ్ల వెంట నడిచింది. అక్కాచెల్లెళ్లిద్దరూ మళ్లీ వాగు ఒడ్డుకొచ్చి, చెట్టు నీడలో జంపఖానా పరుచుకుని కూర్చున్నారు.

"ఇగ అడుగు," అంది లక్ష్మీనర్సమ్మ.

యమున అడగలేదు. అడిగితే ఉన్నది కాస్తా పోతుందేమోనని భయం వేసింది. అక్కే మొదలుపెట్టింది.

"కాంటల కూసున్నది నువ్వే. అండ్ల ఫికర్ లేదు. సేటు వాళ్ల తాత తూచిండు. తెల్లారి లారీ ఎక్కుదామంటె నీ ఒళ్లు కాలవట్టె. బెల్లం తూచినంక ఆపొద్దన్నరు. మళ్లీ రెండేండ్లదాక జాతర లేదు. అవ్వ నిన్ను పట్టుకోని ఇంట్ల ఉన్నది. నాయిన నన్ను తీస్కపోయిండు."

"నిన్ను," అంది యమున.

"మొక్కు నీది గద. మనిషి పోకుంటె తల్లి లెక్కకు తీస్కోదేమోనని అవ్వకు బుగులు. నీ పట్టగొలుసులు నా కాళ్లకు పెట్టింది, ఎక్కకపోతె తాడుతోని కట్టింది. ఎవ్వలడిగినా యమున అని చెప్పుమన్నది. నాయిన గూడ పోయేటప్పుడు వచ్చేటప్పుడు నన్ను యమునా అనే పిలిచిండు. జనంల భుజాల మీద ఎక్కించుకోని, యమునా, నా నెత్తి గట్టిగ పట్టుకో, అన్నడు."

వాగులో ఎవరో పిల్లలు నీళ్లు చల్లుకుంటూ కేకలు పెడుతున్నారు. యమునకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. నాయిన మీదా? అవ్వ మీదా? బతికి ఉన్నది అక్క ఒక్కతే, కనుక ఆమె మీదే పడింది.

"మరి నాకెందుకు చెప్పినవే గట్ల? నువ్వు పోయినవ్, నువ్వు చూసినవ్ అని?"

"అవ్వే చెప్పుమన్నది. నీకు జరం తగ్గెదాక పక్కన కూసోని దినాం చెప్పిన. 'నేను' అన్న దగ్గరల్లా 'నువ్వు' అనాలె. తప్పితె మొక్కు చెడుతదని బెదిరిచ్చింది. ఇంట్ల ఎవ్వల మొక్కన్న బాకి ఉంటె అది తీరెదాక ఆ మాట తియ్యొద్దని ఒట్టు పెట్టించుకున్నది. చిన్ని మొక్కుకు ఎక్కడ అడ్డం వస్తదోనని మొన్న నోరు మూసుకున్న."

"పల్లిపట్టి?"

"నా ముక్క నేను తిన్న. నాయిన రుమాల్ల ముడేసింది నీకే. పండుకున్నదానివి లేచి తిన్నవ్. నూలుపోగు తట్టిందని ఉమ్మినవ్, మళ్లీ నాక్కున్నవ్. అది నీదే."

యమున నాలుక తనకు తెలియకుండానే పళ్ల వెనక ఆ పోగు కోసం వెతికింది. నాయిన నిజంగానే తెచ్చాడన్నమాట. భుజాల మీద మోయలేదు గానీ కొంగున మూటగట్టి మోసుకొచ్చాడు. మనసు కొంచెం తేలికపడింది. అంతలో అక్క వైపు చూస్తే, ఆమె వాగును చూస్తోంది గానీ ఆ చూపు దేన్నీ పట్టుకోవడం లేదు.

"నీకన్న అన్ని మంచిగ యాదున్నయి గద," అంది యమున. "నీళ్లు, జనం, నాయిన."

లక్ష్మీనర్సమ్మ తల అడ్డంగా ఆడించింది.

"ఎన్ని దినాలు చెప్పిన్నో ఏమో. చెప్పంగ చెప్పంగ నాకు నేను కనపడుడు బందైంది. ఇప్పుడు కండ్లు మూస్తె నాయిన భుజాల మీద నువ్వే కూసుంటవ్. నేను యాడ్నో కింద నిలబడి చూస్తున్నట్టుంటది. ఆ బొడ్డుదాక నీళ్లొక్కటే మిగిలినయి. అవి గూడ ఎట్ల మిగిలినయో." సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ, "నాయిన నన్నొక్కదాన్నే ఎంటబెట్టుకోని పోయింది గదొక్కటే తొవ్వ యమునా. ఆ తొవ్వంత నీ పేరుతోనే పిలిచిండు," అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే యమునకు మరింత తగిలింది. మూడు రోజులుగా తన సొమ్ము పోయిందని కుములుతోంది. పోయినది ఎవరిదో ఇప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ల పిల్ల, కాళ్లకు ఎక్కని పట్టగొలుసులు, తనది కాని పేరు. చూసినదంతా ఇంటికి తెచ్చి చెల్లెలి పక్కలో పోసింది. యమున దాన్ని ఇన్నేళ్లూ మొగిలమ్మకీ మనవరాలికీ దర్జాగా పంచింది. తిట్టాలో కావలించుకోవాలో తోచక, లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"ఈన్నే కూసో. ఎటూ పోకు," అంది.

నాలుగు దుకాణాల అవతల పల్లిపట్టి దొరికింది. ఇప్పటిది ప్లాస్టిక్ కవరులో ఉంది. పంటితో కవరు చింపి, మోకాలి మీద పెట్టి రెండు ముక్కలు చేసింది. సమంగా విరగలేదు. పెద్ద ముక్క అక్క చేతిలో పెట్టింది. కూర్చున్న జంపఖానా అంచు నుంచి ఒక పోగు ఎప్పుడు అంటుకుందో, ఆ ముక్కను పట్టుకుని వేలాడుతోంది.

"నాకు పడదంటి గదనే," అంది లక్ష్మీనర్సమ్మ. అయినా కొరికింది. కాసేపు నమిలి, రెండు వేళ్లతో నాలుక మీంచి ఎర్ర నూలుపోగు తీసి చూసింది.

యమున అక్క పక్కకు జరిగి కూర్చుంది. రాట్నం దగ్గర కూర్చున్నప్పటిలాగే గొంతు సవరించుకుంది. ఈ కథలో ప్రతి మాటా ఆమెకు తెలుసు. అంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"అక్కా, ఇను. నువ్వు ఎనిమిదేండ్ల పిల్లవు," అని మొదలుపెట్టింది. "కాళ్లకు పట్టగొలుసులు. ఎటు చూసినా జనమే. వాగుల నీళ్లు సల్లగున్నయి, నీకు బొడ్డుదాక వచ్చినయి. నువ్వు యాడ తప్పిపోతవోనని నాయిన నిన్ను ఎత్తి భుజాల మీద కూసోపెట్టుకున్నడు. పైకెల్లి చూస్తె నీకు నాయిన నడినెత్తి కనవడ్తాంది. చెమటకు ఎంటికలు అంటుకున్నయి."

లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకుంది. పల్లిపట్టి ముక్క చేతిలో అట్లాగే ఉంది.

"అప్పుడు నాయిన ఏమన్నడో ఎరుకేనా?" యమున చెయ్యి గాల్లోకి లేచింది. "నర్సవ్వా, నా నెత్తి గట్టిగ పట్టుకో బిడ్డా, అన్నడు."